రబ్బరు కింద మిగిలిన జవాబు

పోయిన వారం ప్రోగ్రెస్ కార్డుల్లో రిమార్కులు రాస్తూ కూర్చున్నాను. మొత్తం 42 కార్డులు. సగం దాటేసరికి చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది, బుర్రతో పనుండదు. ఒక అమ్మాయి కార్డు దగ్గర ఏం రాయాలో తోచక, కిందటి టర్ములో ఏం రాశానా అని పై గడిలోకి చూశాను. తర్వాత పక్క కార్డు, ఆ పక్క కార్డు. ఇంక ఆ పూట రిమార్కులు రాయలేకపోయాను.

ఆడపిల్లల కార్డుల్లో నేను రాసినవి: “నెమ్మదస్తురాలు.” “చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.” “చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది.” మగపిల్లల కార్డుల్లో: “చురుకైనవాడు, కాస్త శ్రద్ధ పెడితే చాలు.” “బుర్ర ఉంది, బద్ధకం ఎక్కువ.” ఒకడికైతే “అల్లరి తగ్గిస్తే ముందు వరసలో ఉంటాడు” అని భరోసా కూడా ఇచ్చేశాను. వాడికి ఆ టర్ములో లెక్కల్లో వచ్చినవి 38. చేతిరాత ముత్యాల్లా ఉన్న అమ్మాయికి 91.

38 వచ్చినవాడిలో దాక్కున్న తెలివిని వెతికి మరీ పట్టుకున్నాను. 91 తెచ్చుకున్న పిల్లలో నాకు దస్తూరీ కనిపించింది. ఏళ్ల తరబడి లెక్కలు చెబుతున్నాను, నేనూ ఆడదాన్నే, స్టాఫ్ రూములో ఎవరైనా “ఆడపిల్లలు బట్టీ కొడతారండీ” అంటే ముందు దెబ్బలాటకు దిగేది నేనే. అయినా నా చేత్తో రాసింది ఇదీ.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదని తెలుసు. 1978లో క్యారల్ డ్వెక్, మరికొందరు పరిశోధకులు తరగతి గదుల్లో టీచర్ల మాటల్ని లెక్కగట్టారు. మగపిల్లలు తిన్న చివాట్లలో ఎక్కువ భాగం అల్లరికి, శుభ్రత లేనందుకు, పని పట్టించుకోనందుకు. ఆడపిల్లల్ని తప్పుపట్టింది మాత్రం ఎక్కువగా జవాబులోని తప్పుకే. పైకి చూస్తే మగపిల్లలకే అన్యాయం జరిగినట్టుంటుంది. కానీ పిల్లల వైపు నుంచి చూడండి. మార్కులు తగ్గితే వాడు “నేను చదవలేదు, అందుకే” అనుకుంటాడు, ఎందుకంటే ఏళ్లుగా వాడికి మనం చెబుతున్నది అదే. ఆమె చదివింది, పుస్తకం నీటుగా ఉంచింది, మాట్లాడకుండా కూర్చుంది. అన్నీ చేశాక కూడా తప్పు వస్తే నెపం వెయ్యడానికి ఆమెకు మిగిలేది తన బుర్ర ఒక్కటే.

చెరిపేసిన పేజీ

రిమార్కు తోచక ఆగిపోయానన్న అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆమె నోట్సు దిద్దుతుంటే ఒక పేజీ చేతికి తేడాగా తగిలింది. ఒకచోట రబ్బరుతో ఎంత రుద్దిందంటే కాగితం పల్చబడి, వెనకవైపు అంకెలు ఇటు కనిపిస్తున్నాయి. పైన 5 అని రాసి ఉంది. తప్పు. ఎర్ర పెన్నుతో కొట్టేయబోతూ పేజీని కాస్త వంచి వెలుతురులో చూశాను. 5 కింద 3 ఆనవాలు, దాని కింద 7. సరైన జవాబు 7.

అంటే మొదటిసారే సరిగ్గా చేసింది. తర్వాత రెండుసార్లు కష్టపడి తప్పు చేసింది.

మర్నాడు పిలిచి, “7 ఎందుకు చెరిపేశావమ్మా?” అని అడిగాను. “అంత తొందరగా వచ్చేసింది కదా మేడమ్, తప్పయ్యుంటుందనుకున్నా” అంది.

చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. లెక్క తేలిగ్గా వచ్చిందంటే మామూలుగా ఎవరైనా “ఇది నాకు వచ్చు” అనుకుంటారు. ఈ పిల్ల “నాకు వచ్చిందంటే ఎక్కడో తప్పుంది” అనుకుంది. అదే వారం వెనక బెంచీ అబ్బాయి ఒకడు నేను కొట్టేసిన లెక్క పట్టుకొచ్చి, ఎందుకు తప్పో చెప్పమని పది నిమిషాలు నిలబెట్టాడు. వాడిది నిజంగానే తప్పు. వాడి ధీమా చూస్తే ముచ్చటేసింది, ఆ ధీమాలో పావు వంతు ఈమెకు ఉంటే బాగుండనీ అనిపించింది.

అప్పుడు నేను చేసిన పని ప్రతి టీచరూ చేసేదే. “నువ్వు బాగా చేస్తావు, నీ మీద నీకు నమ్మకం ఉండాలి” అని చెప్పాను. తల ఊపింది. ఆ వారం నోట్సులో మళ్లీ రబ్బరు పొడి.

ఒట్టి మాటలతో వచ్చే నమ్మకం గట్టిది కాదని మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే రాసిపెట్టాడు. ఒక పని చేయగలననే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందంటాడాయన: స్వయంగా చేసి గెలవడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇంకొకరు ధైర్యం చెప్పడం, ఆ సమయంలో మన ఒంట్లో కలిగే దడ, కంగారు లాంటివి. వీటిలో బలమైనది మొదటిది. చెప్పిన ధైర్యానికి బలం తక్కువ, మొదటి దెబ్బకే పోతుంది. మనం బళ్లల్లో ఉపయోగించేది మాత్రం ఎక్కువగా అదే, ఖర్చు లేనిది కాబట్టి.

“మార్కులు వస్తున్నాయి కదండీ”

ఈ గోడు వెళ్లబోసుకుంటే నాతో పనిచేసే ఒక సార్ నవ్వారు. “ఫస్టులన్నీ వాళ్లవే. ఇంకా ఆత్మవిశ్వాసం లేదని మీరు బెంగపెట్టుకోవడం ఏమిటండీ? లేనిది మావాళ్లకి.” మాట కొట్టిపారేసేది కాదు. మగపిల్లలు చదువులో వెనకబడటం చాలా దేశాల్లో నిజమైన సమస్యే, దాని గురించి ఎవరైనా విడిగా రాయాలి.

అయితే మార్కులు, నమ్మకం ఒకటి కావు. చాలా దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షల 2012 ఫలితాల ఆధారంగా, వాటిని నడిపే దేశాల కూటమి ఓఈసీడీ 2015లో ఇచ్చిన నివేదికలో ఒక సంగతి ఉంది. పదిహేనేళ్ల ఆడపిల్లలకు లెక్కల మీద నమ్మకం తక్కువ, బెదురు ఎక్కువ. బాగా చదివేవాళ్లలో కూడా ఇంతే. ఒకే స్థాయి నమ్మకం, ఒకే స్థాయి బెదురు ఉన్న అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్కల మార్కుల్లో తేడా మాయమైంది. నమ్మకం లేక మార్కులు తగ్గాయా, మార్కులు తగ్గి నమ్మకం పోయిందా అన్నది ఇలాంటి పోలికతో తేలదు, ఒప్పుకుంటాను. కానీ 91 వచ్చిన పిల్ల వణకడానికి మార్కులు తగ్గడం కారణం కాదు కదా.

పరీక్షలో తెలిసిన ప్రశ్నే వస్తుంది, సమయం ఉంటుంది, ఎవరూ చూడరు. చదివి రాస్తే సరిపోతుంది. బడి దాటాక అలా ఉండదు. సగం తెలిసిన విషయం మీద నలుగురి ముందు నోరు తెరవాలి, తప్పయితే సర్దుకోవాలి. ఆడపిల్లలు తప్పు చెయ్యకుండా ఉండటం ఎలాగో బడిలో బ్రహ్మాండంగా నేర్చుకుంటున్నారు, దానికే మనం మార్కులూ వేస్తున్నాం. తప్పు చేశాక ఏం చెయ్యాలో మాత్రం వాళ్లకు నేర్పడం లేదు.

ఓదార్పు

నేను ఇప్పుడు గట్టిగా నమ్మేది ఒకటుంది. ఆడపిల్లల ధైర్యాన్ని మన కఠినత్వం కన్నా మన మెత్తదనమే ఎక్కువ తినేస్తోంది.

అమ్మాయి బోర్డు దగ్గర ఆగిపోయి కళ్లు తిప్పుతోందంటే నాకు జాలి. “సరే కూర్చోమ్మా, పర్లేదు” అనేస్తాను. అదే చోట అబ్బాయి ఆగిపోతే “నించో, ఆలోచించు, రావాలి నీకు” అంటాను. ఎవరిని గౌరవించినట్టు? ఆమెను అవమానం నుంచి కాపాడాననుకున్నాను. ఆమెకు వినిపించింది వేరు: మేడమ్‌కి కూడా నామీద ఆశ లేదు.

అనీతా రత్తన్, క్యాథరిన్ గుడ్, డ్వెక్ 2012లో సరిగ్గా ఈ ఓదార్పు మీదే పనిచేశారు. లెక్కల తెలివి పుట్టుకతో వచ్చేది అని నమ్మే టీచర్లు మార్కులు తగ్గిన విద్యార్థిని “అందరికీ లెక్కలు రావాలని లేదులే” అన్న ధోరణిలో ఊరడించడానికి, తేలిక పని ఇవ్వడానికి మొగ్గు చూపారు. ఆ ఊరడింపు అందుకున్నవాళ్లకు ఉత్సాహం తగ్గింది, ముందుముందు తమకొచ్చే మార్కుల మీద ఆశా తగ్గింది.

దీనికి చెల్లెలు లాంటి మాట ఇంకోటుంది, అది ఆడ టీచర్లమే అంటాం: “నాకూ చిన్నప్పుడు లెక్కలంటే భయమేనమ్మా.” దగ్గరితనం కోసం అంటాం. సియాన్ బైలాక్ బృందం 2010లో ప్రాథమిక తరగతుల్లో చేసిన అధ్యయనం చదివాక నేనా మాట మానేశాను. లెక్కలంటే బెదురున్న మహిళా టీచర్ల దగ్గర ఏడాది చదివాక, ‘మగపిల్లలకు లెక్కలు, ఆడపిల్లలకు చదవడం’ అనే అభిప్రాయం అమ్మాయిల్లోనే ఎక్కువగా కనిపించింది. అలా నమ్మిన అమ్మాయిల మార్కులూ తగ్గాయి. అబ్బాయిల మీద ఆ ప్రభావం లేదు. టీచర్లు పదిహేడు మందే, వాళ్లు చెప్పేది చిన్న పిల్లలకి, కాబట్టి దాన్ని తీసుకొచ్చి తొమ్మిదో తరగతి మీద అతికించలేను. కానీ చిన్నప్పుడే అంటుకున్నది తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఊరికే రాలిపోతుందా?

ఇరాన్‌లో పుట్టిన గణిత శాస్త్రవేత్త మరియం మీర్జాఖానీ కథ ఇక్కడ గుర్తొస్తుంది. టెహ్రాన్‌లో మిడిల్ స్కూలు చదువుతుండగా ఒక ఏడాది లెక్కల టీచరుకు ఆమెలో చెప్పుకోదగ్గ ప్రతిభేమీ కనిపించలేదు. అమ్మాయికి తన మీద నమ్మకం సడలింది, లెక్కల మీద ఆసక్తీ పోయింది. మరుసటి ఏడు ప్రోత్సహించే టీచరు దొరికాక మళ్లీ నిలదొక్కుకుంది. హైస్కూల్లో ఆమె, స్నేహితురాలు రోయా బెహెష్తీ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, మగపిల్లల బడిలో ఉన్నట్టు తమకూ లెక్కల సాధన క్లాసులు కావాలని అడిగారు. అప్పటికి గణిత ఒలింపియాడ్‌కు ఇరాన్ జట్టులో ఆడపిల్ల వెళ్లిందే లేదు. ప్రిన్సిపాల్ క్లాసులు పెట్టించింది. 1994లో మీర్జాఖానీకి ఒలింపియాడ్ స్వర్ణం. 1995లో పూర్తి మార్కులతో మరో స్వర్ణం. 2014లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్, ఒక మహిళకు అది దక్కడం అదే మొదటిసారి.

ఈ కథను పోస్టరుగా గోడకు అంటించి ఊరుకోవడం నాకిష్టం లేదు. అందులో నాకు పనికొచ్చేది మెడల్ కాదు, ప్రిన్సిపాల్. “మీరు చేయగలరు” అని చెప్పి పంపించెయ్యకుండా, కష్టమైన లెక్కలు చేయించే క్లాసు పెట్టించింది. ఇంకో సంగతి, మరుసటి ఏడాది రెండో టీచరు దొరకని అమ్మాయిల కథలు మనకు తెలిసే దారే లేదు.

పొగడ్త గురించి రెండు ముక్కలు. “తెలివైనదానివి” అన్న పొగడ్త దెబ్బతీస్తుందని 1998లో క్లాడియా ముల్లర్, డ్వెక్ చూపించారు. అలా పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన లెక్క తగిలితే, కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలకన్నా త్వరగా చేతులెత్తేశారు. కానీ పద్నాలుగేళ్లవాళ్లకు “కష్టపడ్డావు” అన్న మాట కూడా ఒక్కోసారి “పాపం, బుర్ర లేకపోయినా” అన్నట్టు వినిపిస్తుంది. ఆ వయసు చెవులు అలాంటివి. కాబట్టి నేను మెచ్చుకునేది పనిలో ఒక ముక్కని: “ఈ రెండో మెట్టులో ఇటు మళ్లావు చూడు, అది నాకు తట్టలేదు.” తట్టకపోతేనే అంటాను. అబద్ధపు మెచ్చుకోలును వాళ్లు ఇట్టే పసిగట్టేస్తారు.

మూడు సెకన్లు

ఇప్పటికి నా దగ్గర ఫలించిన పని ఏదంటే, నోరు మూసుకుని ఆగడం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో 1970లలోనే కొలిచి చూపించింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, “తెలీదు” అనేవాళ్లు తగ్గారు, మామూలుగా నోరెత్తని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. నిండు క్లాసులో నిలబడి చూడండి, మూడు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో. నేను చాక్‌పీసుని వేళ్ల మధ్య మూడుసార్లు తిప్పుతాను, అప్పటిదాకా ఎవరి పేరూ పిలవను.

ఆ ఒక్క సెకను పద్ధతి ఎవరికి లాభం? తప్పయినా పర్వాలేదని ముందు అరిచేవాడికి. మనసులో ఒకసారి సరిచూసుకుని చెబుదామనుకునే పిల్ల చెయ్యి సగం లేచేసరికి జవాబు బోర్డు మీద ఉంటుంది. మైరా, డేవిడ్ శాడ్కర్ దంపతులు తరగతుల్ని ఏళ్ల తరబడి గమనించి 1994లో ప్రచురించిన పుస్తకంలో ఒక విషయం రాశారు. అబ్బాయిలు అడక్కుండా అరిస్తే టీచర్లు ఆ జవాబును వింటారు, అమ్మాయి అలా చేస్తే చెయ్యెత్తి మాట్లాడమంటారు. నేనలా చెయ్యనని ప్రమాణం చేసేదాన్ని. ఒక రోజు చెయ్యెత్తకుండా చెప్పిన జవాబులు ఎవరెవరివి తీసుకున్నానో అట్టముక్క మీద గీతలు పెట్టమని ఒక పిల్లకు అప్పగించాను. తొమ్మిది గీతలు. ఎనిమిది అబ్బాయిలవి.

ఆగడం కన్నా కష్టమైంది నవ్వుల్ని ఆపడం. తప్పు జవాబుకు వెనక నుంచి వచ్చే చిన్న “హుఁ” ఉంటుందే, అది మూడు వారాల ప్రోత్సాహాన్ని మింగేస్తుంది. దాని మీద ఉపన్యాసం ఇస్తే ఆ పిల్ల మీద ఇంకాస్త వెలుగు పడుతుంది తప్ప లాభం లేదు. నేనిప్పుడు చేసేది, ఆ తప్పు జవాబునే బోర్డు మీద రాసి, “ఇది సరైనదవ్వాలంటే ప్రశ్న ఎలా ఉండాలి?” అని నవ్వినవాణ్ని అడగడం. రెండు నెలల్లో నవ్వులు సగం తగ్గాయి. పూర్తిగా పోలేదు.

లేచి నిలబడటం

ఇంతా చెప్పి నా నిర్వాకం దాచడం న్యాయం కాదు. కొన్నేళ్ల కిందట, నెమ్మదిగా ఉండే ఒకమ్మాయిని “ధైర్యం రావాలి” అని పట్టుబట్టి సభలో స్టేజీ ఎక్కించాను. ఆమె వద్దంది. నేను వినలేదు. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయి, మైకు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత రెండు రోజులు బడికి రాలేదు. బండూరా లెక్కలో చెప్పాలంటే, చేసి ఓడిపోయిన అనుభవాన్ని నేనే ఏర్పాటు చేసి మరీ ఇచ్చాను.

నెమ్మదిగా ఉండటం వేరు, నమ్మకం లేకపోవడం వేరు. మాట్లాడని పిల్లలందరినీ మైకు ముందుకు తోసుకురానక్కర్లేదు. నేనిప్పుడు చూసేది ఒక్కటే: మాట్లాడాలని ఉండి ఆగిపోతోందా? పెదవులు కదులుతాయి, పెన్ను మూత తీసి పెడుతుంది, పక్క పిల్ల చెవిలో జవాబు చెబుతుంది. ఆ పక్క పిల్ల లేచి అదే చెబితే మెప్పు ఆమెకు. అలాంటప్పుడు ముందు ఇద్దరిద్దరుగా మాట్లాడుకోమంటాను, తిరుగుతూ వింటాను. తర్వాత ఆ పిల్ల దగ్గరికి వంగి, “నువ్విందాక అన్నది క్లాసుకి చెప్పనా, నువ్వు చెబుతావా?” అని అడుగుతాను. మొదట్లో “మీరే చెప్పండి మేడమ్” అంటారు. ఆమెదని చెప్పే చెబుతాను.

ఇంకో సంగతి, స్టాఫ్ మీటింగుల్లో ఎవరూ ఎత్తనిది. రోజూ బోర్డు దగ్గరికి ఉరికొచ్చే అమ్మాయి ఒకరోజు ఎంత పిలిచినా లేవలేదు. మొండితనం అనుకుని కసిరాను. అందరూ వెళ్లిపోయాక ఆమె లేచిన పద్ధతి, బ్యాగు వెనక్కి అడ్డం పెట్టుకున్న తీరు చూశాక అర్థమైంది. అప్పటినుంచి నా క్లాసులో బాత్రూముకు వెళ్లడానికి అడగక్కర్లేదు. తలుపు దగ్గర ఒక అట్ట వేలాడుతుంది, అది తీసుకుని వెళ్లడమే. బోర్డు దగ్గరికి రానంటే కారణం అడగను, కూర్చున్న చోటి నుంచే చెప్పించుకుంటాను. ఆత్మవిశ్వాసం మీద సెమినార్లు పెట్టేవాళ్లు ముందు బాత్రూములో నీళ్లున్నాయో లేదో చూస్తే మంచిది.

పరిశోధనలు ఇన్ని చెప్పాను గానీ అన్నిటినీ వేదవాక్కుగా తీసుకోను. ‘ఆడపిల్లలకు లెక్కలు రావు’ అన్న అపప్రథ పరీక్ష ముందు గుర్తుకొస్తేనే మార్కులు పడిపోతాయని ఎంతోకాలం చెప్పుకున్నాం. 2018లో నెదర్లాండ్స్‌లో రెండువేల మందికి పైగా హైస్కూలు పిల్లల మీద పకడ్బందీగా పరీక్షించి చూస్తే ఆ ప్రభావం కనిపించలేదు. అందుకే నా క్లాసులో చూసి తప్ప దేన్నీ పట్టుకోను.

చెరిపేసే అమ్మాయికి ఏమైందని అడుగుతారేమో. లెక్కల నోట్సులో రబ్బరు వాడొద్దని, తప్పనిపిస్తే అడ్డంగా ఒక్క గీత కొట్టమని చెప్పాను. మొదటి వారం చక్కగా కుదిరిందనుకున్నాను, ఒక్క కొట్టివేతా లేదు. తర్వాత తెలిసింది, వేరే పుస్తకంలో పెన్సిల్‌తో చేసి, చెరిపి, సరిచూసుకుని ఇందులో ఎక్కిస్తోంది. అప్పుడు కొట్టేసినవి కూడా చదువుతానని, వాటిలో సరైన మెట్టుంటే టిక్కు పెడతానని క్లాసు మొత్తానికి చెప్పాను. దిద్దే పని రెట్టింపయింది. రెండు వారాలు పట్టింది ఆమె పేజీలో మొదటి గీత కనిపించడానికి.

మొన్న బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనక నుంచి వినిపించింది: “మేడమ్, మూడో లైను తప్పండి.” ఆమె గొంతే. ఆగి చూశాను. నా లైను సరిగ్గానే ఉంది, అదే చెప్పాను. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆమె వాళ్లవైపు చూడలేదు. తన పుస్తకంలోకి చూసుకుంటూ, “అయితే నాది ఎక్కడ పోయింది?” అంది. తర్వాత గీత కొట్టి మళ్లీ మొదలుపెట్టింది.

ఆమె కార్డులో రిమార్కు గడి ఇంకా ఖాళీగానే ఉంది. “నాతో వాదించింది” అని రాయాలనుంది. ఇంట్లోవాళ్లు ఫిర్యాదనుకుంటారేమోనని ఆగాను.